నాన్న మానేసిన మాత్రలు

ఉదయం పొయ్యి మీద పాలు కాగుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రి అయిన తండ్రి కోవిడ్ వార్డులో ఉన్నాడు. తల్లి తడిచేతులతోనే ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టింది.

“ఆయనకు ఆక్సిజన్ పెట్టే ఉంచాం. బీపీ మాత్రం దిగడం లేదండీ. ఇంట్లో మాత్రలు సరిగ్గా వేసుకునేవారా?” అడిగింది డాక్టరమ్మ.

“ఒక్క పూట కూడా తప్పలేదమ్మా. నేను అడిగి మరీ వేయిస్తాను.”

పక్కనే కూరగాయలు తరుగుతున్న కూతురి చెయ్యి ఆగిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అక్కడ వైద్యం ఆ మాట నమ్మే చేస్తారు.

“లేదు డాక్టర్. మానేసి నెల దాటింది. నేనే మాన్పించాను.”

తల్లి బిత్తరపోయి చూసింది.

“బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి కోవిడ్ ముదురుతుందని ఫోన్లో ఎవరో పంపారు. నాన్నకేమవుతుందోనని భయమేసి...” అంది కూతురు.

“మమ్మల్ని అడగకుండా మానకూడదమ్మా. బీపీ ఉన్నవాళ్ళకి అసలే ప్రమాదం ఎక్కువ. ఇంతవరకూ రావడానికి అదే కారణమని మాత్రం చెప్పలేను. ఇప్పటికైనా చెప్పారు, మంచిదయింది.”

ఫోన్ పెట్టేయగానే తల్లి విరుచుకుపడింది. “రోజూ అడుగుతూనే ఉన్నానే! వేసుకున్నానని ఆయనా, తలూపుతూ నువ్వూ... ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారా?”

ఆ తర్వాత ఆమె కూతురితో మాట్లాడలేదు. వేళకు అన్నం మాత్రం పెట్టేది. అంతకంటే నాలుగు దెబ్బలు వేసినా బాగుండుననిపించేది కూతురికి.

చివరకు తండ్రి కోలుకుని ఇంటికొచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు. గుమ్మం దాటేసరికే ఆయాసపడ్డాడు. కుర్చీలో కూర్చోగానే కూతురు ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

“నేను చెప్పబట్టే కదా నాన్నా మానేశావు!”

“పిచ్చితల్లీ! అవి వేసుకుంటే నిచ్చెన మీద కళ్ళు తిరిగేవి. డాక్టరుకి చెబితే పని మానేయమంటారేమోనని చెప్పలేదు. ఎలా వదిలించుకుందామా అని చూస్తుంటే నీ మాట దొరికింది. నీ పేరు అడ్డం పెట్టుకున్నాను. నేను పోతే నీవల్లే పోయాననుకుని జన్మంతా కుమిలిపోతావని అక్కడ పడుకుని ఒకటే బాధ.”

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తన తప్పు లేకుండా పోలేదు. కానీ ఇప్పుడు దాన్ని ఒంటరిగా మోయనక్కర్లేదు.

“కాస్త జరుగు,” అంటూ తల్లి వచ్చి కూతురి పక్కనే నేల మీద కూర్చుంది. “దొందూ దొందే! ఏ భయమొచ్చినా ముందు నాకు చెప్పి ఏడవొచ్చుగా. నేనేమన్నా కొరుక్కుతింటానా?”

అరచేత్తో కూతురి చెంపలు తుడిచి, కొంగుతో తన కళ్ళూ ఒత్తుకుంది.