ఎత్తినవాళ్ళకీ ఖర్చే

1999 ఆగస్టు నెల. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడకి ఎదురుగా, రోడ్డు దాటితే ఒక చిన్న భవనం. దాని పై అంతస్తులో ప్రిస్కిల్లా పనిచేసే కొట్టు. విదేశాలకి వెళ్ళేవాళ్ళకి సెల్‌ఫోన్లు కిరాయికిచ్చే కొట్టు అది. ఇక్కడి ఫోను అక్కడికి పట్టుకెళ్ళి వాడితే బిల్లు చూసి గుండె ఆగేది ఆ రోజుల్లో. అందుకని కొట్టు యజమాని సోమేశ్వరరావు సింగపూర్ సిమ్ కార్డులు తెప్పించి, ఫోన్లలో వేసి, వారాల లెక్కన అద్దెకిచ్చేవాడు. మొత్తం పదకొండు ఫోన్లు. ఒక్కోదాని వీపు మీద ప్రిస్కిల్లా తన ఎర్ర గోళ్ళరంగుతో నంబరు వేసింది.

ఫోను చేతిలో పెట్టే ముందు ప్రతి ఒక్కరికీ ఒకటే పాఠం చెప్పేది.

"అక్కడ ఫోన్ చేసినవాళ్ళకే కాదండీ, ఎత్తినవాళ్ళకీ ఖర్చే. అందుకని ఎత్తకండి. నంబరు చూసుకుని కట్ చేసెయ్యండి. కార్డు కొనుక్కుని రోడ్డుపక్క బూతు నుంచి తిరిగి చెయ్యండి, చవక. ఒక్క రింగిస్తే క్షేమంగా చేరినట్టని ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి."

కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర బండరాళ్ళు. ఏనుగుల మందలా పడుకున్న ఆ బండల్ని పేల్చి కొత్త కంపెనీలకి చోటు చేస్తుండేవారు. రోజూ సాయంత్రం అయిదున్నర దాటాక విజిల్ మోగేది. తర్వాత భూమి అదిరేది. కిటికీ అద్దాలు గలగలలాడేవి. కాలిన మందు వాసన మెట్లెక్కి లోపలికొచ్చేది. ప్రిస్కిల్లాకి అదంతా అలవాటైపోయింది.

ఆ నెల మొదట్లో కిరణ్ పాల్ అనే ఇంజనీరుని సింగపూర్ నుంచి ఇద్దరు మనుషులు పట్టుకుని తీసుకొచ్చారు. హోటల్ మెట్ల మీద కూర్చుని కనబడ్డాడట, చెవికి ఫోను ఆనించుకుని. ఎంత పిలిచినా పలకలేదట. అతను తీసుకెళ్ళింది నాలుగో నంబరు ఫోను. కంపెనీవాళ్ళు దాన్ని కొట్టుకి పంపేశారు.

ఎత్తొద్దని చెప్పింది తనే కదా, ఏమైందోనని ప్రిస్కిల్లాకి మనసు నిలవలేదు. శనివారం సాయంత్రం ఆటో కట్టించుకుని మణికొండలో వాళ్ళ ఇంటికి వెళ్ళింది. కిరణ్ పాల్ భార్య జెస్సికా తలుపు తీసింది. ఆ అమ్మాయి కళ్ళు నిద్రలేక ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఆయన మీ మాట విన్నారు మేడం. రెండు రోజులు ఎత్తలేదు. బూతు నుంచి నాకు ఫోన్ చేసి చెప్పారు కూడా, నాన్న నంబరు నుంచి ఫోనొస్తోంది అని. మామయ్యగారు పోయి నాలుగేళ్ళు. ఆ ఇంట్లో ఫోను ఎప్పుడో తీయించేశాం. మూడోరోజు... ఎత్తినట్టున్నారు."

లోపల గదిలో మంచం మీద కిరణ్ పాల్ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. డాక్టర్లు ఏ జబ్బూ లేదన్నారు. ఎడమ అరచెయ్యి చెవికి అతుక్కుని ఉంది, ఖాళీ చెయ్యి. ఎవరో చెబుతున్నది వింటున్నట్టు మధ్యమధ్య "ఊఁ... ఊఁ..." అంటున్నాడు. ఉన్నట్టుండి లేచాడు.

"వస్తున్నా నాన్నా."

తిన్నగా నడిచి గోడని గుద్దుకున్నాడు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ గుద్దుకున్నాడు. జెస్సికా వెళ్ళి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది, రోజూ చేసే పనిలాగా.

సోమవారం ప్రిస్కిల్లా యజమానితో గట్టిగానే చెప్పింది, ఆ ఫోను పగలగొట్టెయ్యమని. ఆయన ముక్కు మీది కళ్ళజోడు సర్దుకున్నాడు.

"చూడండి ప్రిస్కిల్లా గారూ, మనిషికి ఒంట్లో బాగోకపోతే ఫోనేం చేస్తుందండీ? ఈ మాట బయటికి పొక్కిందంటే మన మెట్లెక్కేవాడు ఉండడు."

"అది కిరాయికి పోకూడదు సార్. పోయిందంటే నేనూ పోతాను."

ఆయన ఎదురుగానే నాలుగో నంబరు ఫోనులోంచి సిమ్ కార్డు ఊడదీసి తన పర్సులో వేసుకుంది. ఫోన్ని కింది సొరుగులో పడేసి తాళం వేసింది. సోమేశ్వరరావు లెక్కల పుస్తకం తెరిచాడు. ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉందని ఆమెకి తట్టలేదు.

మర్నాడు మంగళవారం. ఆ రాత్రే ప్రిస్కిల్లా తమ్ముడు ఆరోన్ కంపెనీ పని మీద సింగపూర్ వెళ్ళాలి. మొదటి విదేశీ ప్రయాణం. వాళ్ళకి మిగిలింది ఒకరికొకరే. తల్లి మార్తమ్మ నర్సు. రెండేళ్ళ కిందట లింగంపల్లి ఇంట్లోనే కన్నుమూసింది. ఆఖరి మూడు రోజులూ కొడుకు గొంతు వినాలని అడుగుతూనే పోయింది. పూనాలో ట్రైనింగులో ఉన్న ఆరోన్‌కి ఆ కబురు అందేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచి వాడు ఫోను మోగితే ఉలిక్కిపడతాడు.

బ్యాంకు పని ముగించుకుని ప్రిస్కిల్లా వానలో తడుస్తూ కొట్టుకి వచ్చేసరికి అయిదు దాటింది. మబ్బులు కమ్మి, దీపాలు పెట్టే వేళలా ఉంది. సోమేశ్వరరావు లేడు. బల్ల ముందు ఆరోన్ ఒక్కడే, కాళ్ళ దగ్గర సూట్‌కేసు.

"మీ సారు ఇప్పుడే వెళ్ళారక్కా. ఫోనిచ్చారు. సిమ్ కార్డు నీ దగ్గరుందట, నిన్నడిగి వేసుకోమన్నారు. మీ అక్క మా దగ్గర పని చేస్తోంది, కిరాయి వద్దన్నారు."

"ఏ ఫోను?"

ఆరోన్ జేబులోంచి తీసి తిప్పి చూపించాడు. ఎర్ర రంగుతో నాలుగు.

ప్రిస్కిల్లా నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. పంకా రెక్కలు మెల్లగా ఆగాయి. బయట చూరు మీంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఇంకేం లేదు.

ఫోను మోగింది.

సిమ్ కార్డు ఆమె పర్సులోనే ఉంది. భుజాన వేలాడుతున్న పర్సుని గట్టిగా నొక్కి చూసుకుంది... ఉంది. ఫోను మోగుతూనే ఉంది. దాని చిన్న తెర పచ్చగా వెలిగి ఆరోన్ గడ్డాన్ని, పెదాల్ని చూపిస్తోంది.

"అక్కా... ఇది మన లింగంపల్లి నంబరు."

"ఆ ఇంటి ఫోను మనం ఎప్పుడో వెనక్కిచ్చేశాం. ఎత్తకు."

"అమ్మ..."

"ఒరేయ్, ఎత్తకు!"

వాడి బొటనవేలు కదిలింది. ప్రిస్కిల్లా బల్ల మీంచి వంగి ఫోను లాగేసుకుంది. ఆ పెనుగులాటలో ఎవరి వేలు నొక్కిందో తెలియదు. మోత ఆగింది. తెర మీద సెకన్లు నడవడం మొదలుపెట్టాయి.

కట్ చేసే మీట నొక్కింది. సెకన్లు ఆగలేదు. వీపు తీసి బ్యాటరీ లాగి కింద పడేసింది. తెర వెలుగుతూనే ఉంది. ఫోను చిల్లుల్లోంచి సన్నగా వాసన... డెట్టాల్ వాసన. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ చీరకొంగు వాసన. ఆరోన్ ఏడుస్తూ చెయ్యి చాపాడు. వాడి చేతికి పోకుండా ఆపే దారి ఇంకేదీ తోచక, ఆమె ఫోన్ని తన చెవికే ఆనించుకుంది.

ముందు ఏమీ లేదు. పెద్ద ఖాళీ హాల్లో గాలి తిరుగుతున్నట్టు ఒక హోరు. తర్వాత చిన్న దగ్గు.

"పెద్దదానా... తిన్నావా?"

లోకంలో ఆమెని అలా పిలిచే మనిషి ఒక్కతే.

"తమ్ముడు పక్కనే ఉన్నాడుగా. ఒక్కసారి ఇవ్వవే. గొంతు విని పెట్టేస్తాను."

"ఇవ్వను."

"మూడు రోజులు అడిగాను. అప్పుడూ ఇవ్వలేదు. ఇక్కడ చలిగా ఉందే..."

ఆ గొంతులో తేడా లేదు. ప్రిస్కిల్లా తేడా కోసం వెతికింది. అదే బొంగురు, అదే విసురు, మాట చివర అదే నిట్టూర్పు. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. అప్పుడు ఆమెకి కోపం వచ్చింది. భయాన్ని పక్కకి తోసేసే కోపం.

"నువ్వెవరైనా సరే విను. మా అమ్మవి కాకపోతే వాణ్ణివ్వను. మా అమ్మవే అయితే అసలే ఇవ్వను. వాడికి ఇరవై రెండేళ్ళు. వాడు ఇంకా బతకాలి."

అవతల గాలి హోరు ఆగింది.

"అయితే నువ్వు రా."

"రాను. కిరణ్ పాల్‌ని కూడా వదిలిపెట్టు."

"అతను నాన్నతో మాట్లాడుతున్నాడు."

"మా అమ్మ పేరు చెప్పు చూద్దాం, నువ్వు అంత..."

మాట మధ్యలో ఆగిపోయింది. అమ్మ పేరు... తనకే గుర్తు రాలేదు. నాలుక చివర కూడా లేదు. పన్ను ఊడిన చోట నాలుకకి తగిలినట్టు అక్కడ ఖాళీ. తాము ఉండే కాలనీ పేరు వెతుక్కుంది. లేదు. తను చదివిన బడి... లేదు. తెర మీద సెకన్లు నడిచే కొద్దీ లోపల ఒక్కొక్కటే పోతోంది. ఇంతకాలం ఎంతమందికో చెప్పిన పాఠం ఇప్పుడు అర్థమైంది. ఎత్తినవాళ్ళకీ ఖర్చే.

చెయ్యి దించబోయింది. దిగలేదు. అరచెయ్యి, ఫోను, చెవి ఒకే ముద్దలా మంచుగడ్డ కట్టుకుపోయాయి.

బయట విజిల్ మోగింది.

ప్రిస్కిల్లా మెట్ల వైపు పరిగెత్తింది. వెనకాల ఆరోన్ అరుస్తున్నాడు. చెవిలో ఆ గొంతు జోకొడుతోంది. వాన వెలిసి సన్నటి తుంపర పడుతోంది. రోడ్డు దాటి, బురదలో చెప్పులు వదిలేసి, బండల వైపు పరిగెత్తింది. పేల్చే చోట కాపలా ఉండే పెంటయ్య ఎర్రజెండా ఊపుకుంటూ అడ్డం వచ్చాడు.

"ఏయ్ బిడ్డా! ఏడికి పోతున్నవ్? మందు పెట్టినం, ఎనక్కి పో!"

ఆమె ఆగలేదు. కూరిన మందు తాలూకు వైరు కనబడుతున్న పెద్ద బండ. దాని నడుమ నిలువునా పగులు.

"పెద్దదానా, అంత కోపమెందుకే..."

"మళ్ళీ ఎవరికైనా ఫోన్ చెయ్యి, చెప్తాను!"

ఎడమ మోచేతిని బండకేసి కొట్టింది. ఇంకోసారి. మూడోసారికి ఎముక చిట్లిన చప్పుడు తనకే వినబడింది. వేళ్ళు విచ్చుకున్నాయి. చెవి చర్మం కొంచెం ఊడివచ్చింది. ఫోను బండ పగుల్లోకి జారిపోయింది, వెలుగుతూనే. పెంటయ్య ఆమె నడుం పట్టి లాక్కెళ్ళి ఇంకో బండ వెనక పడేశాడు. ఆరోన్ వచ్చి ఆమె మీద వాలాడు.

భూమి అదిరింది. రాళ్ళు వానలా పడ్డాయి.

"పానం తీసుకోనీకొచ్చినవా తల్లీ?" పెంటయ్య అడిగాడు.

"కాదు తాతా," అంది ప్రిస్కిల్లా. నవ్వబోయి ఏడ్చింది. తర్వాత తమ్ముడి చెవిలో మెల్లగా అడిగింది. "అమ్మ పేరేంట్రా?"

ఆరోన్ చెప్పాడు. ఆమె దాన్ని రెండుసార్లు పలికి, కొత్త మాటని నేర్చుకున్నట్టు నేర్చుకుంది.

ఆరోన్ ఆ రాత్రి ప్రయాణం మానలేదు. ఆమె మాననివ్వలేదు. "దానికి భయపడి ఇంట్లో కూర్చుంటే అది గెలిచినట్టే. వెళ్ళు. ఫోను లేకుండా వెళ్ళు." తెల్లారాక వాడు సింగపూర్ రోడ్డుపక్క బూతు నుంచి పక్కింటికి ఫోన్ చేసి చేరానని చెప్పాడు. అదే రోజు ప్రిస్కిల్లా కట్టుకట్టిన చేత్తో కొట్టుకి వెళ్ళింది. సోమేశ్వరరావు ముందు బల్ల మీద తాళాలు పెట్టింది. ఆయన ఏదో అనబోతే చెవి చూపించింది.

శుక్రవారం జెస్సికా కబురు పంపింది. మణికొండ వెళ్ళేసరికి కిరణ్ పాల్ మంచం మీద కూర్చుని అన్నం తింటున్నాడు, ఎడమచేత్తో కంచం పట్టుకుని. జెస్సికా ముఖం వెలిగిపోతోంది.

"మంగళవారం సాయంత్రం ఆరింటికి ఉన్నట్టుండి చెయ్యి దించి మంచినీళ్ళడిగారు మేడం! మిమ్మల్ని చూడాలంటున్నారు."

జెస్సికా మజ్జిగ తేవడానికి లోపలికెళ్ళింది. కిరణ్ పాల్ ప్రిస్కిల్లాని చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీరు ఇక్కడెలా ఉన్నారు మేడం?"

"అదేంటండీ?"

"నా చేతిలోంచి ఫోను లాక్కున్నది మీరేగా. అక్కడ. అది లాక్కుని నన్ను పొమ్మన్నారు. మీరింకా అక్కడే ఉన్నారు. ఇప్పటికీ నా చెవిలో వినబడుతోంది, మీరు దానితో అరుస్తున్నారు."

కట్టు కింద ఆమె చెవి చల్లగా ఉంది. ప్రిస్కిల్లా తలెత్తింది.

"అరవనివ్వండి. నేను అరుస్తున్నంతసేపు ఆ లైను ఖాళీ ఉండదు. ఇంకెవరికీ ఫోన్ రాదు."

కిరణ్ పాల్ కంచం కింద పెట్టాడు. తల ఒకపక్కకి వంచి విన్నాడు.

"ఇవాళ పొద్దుట్నుంచి అరుపుల్లేవు మేడం... నవ్వులు వినబడుతున్నాయి."

"ఎవరివి?"

"ఇద్దరివీ."