దర్జీ ఆవిడ కుడి కన్ను

ల్యాబ్ ఫ్రీజర్‌లోంచి రక్తం ట్యూబు మాయమైంది. పక్కనున్నవన్నీ ఉన్నాయి. దర్జీ ఆవిడది ఒక్కటే లేదు.

పోయింది వజ్రాలహారమా అని స్టేషన్‌లో నవ్వారు. ఆ నవ్వుకే ఇన్‌స్పెక్టరమ్మకు ఒళ్ళు మండింది.

దర్జీ ఆవిడ ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మల్టిపుల్ స్క్లీరోసిస్. సొంత ఒళ్ళే నరాల మీది తొడుగును కొరికేసే జబ్బు. కొత్త మందు ప్రయోగంలో చేర్చుకున్నారు. సూదిలో దారం ఎక్కడం లేదు, మందు మార్చండి మొర్రో అంటే, నటిస్తున్నావన్నారు. రక్తపరీక్ష చెయ్యమని పట్టుబట్టింది. ఇంతలో ట్యూబు లేదు.

"ఆ ట్యూబులో ఏం తెలుస్తుంది?"

"నరం దెబ్బతింటే దాని ప్రోటీన్ రక్తంలోకి కారుతుంది మేడమ్," అంది ల్యాబ్ టెక్నీషియన్.

"ఫ్రీజర్ తాళాలు?"

"నా దగ్గరొకటి. పెద్ద డాక్టర్ గారి దగ్గరొకటి."

ఆ ప్రయోగం నడిపే పెద్ద డాక్టర్ విసుక్కుంటూ వచ్చాడు.

"ఒక్క ట్యూబుకి ఇంత రాద్ధాంతమా? కంటి స్కాన్ ఉందిగా! నరాలు పాడైతే కంటి వెనక పొర పలచబడుతుంది. ఆవిడకి రెండు కళ్ళూ బ్రహ్మాండం. మళ్ళీ రక్తం తియ్యనక్కర్లేదు. పెరిగింది జబ్బు కాదు, నోరు."

"స్కాన్ తీసిందెవరు?"

"నేనే. సంతకమూ నాదే."

ఒకే స్కాన్ కాగితం మీద పక్కపక్కనే రెండు ఫొటోలు. ఎడమ కన్ను, కుడి కన్ను. ఇన్‌స్పెక్టరమ్మ కాగితాన్ని సరిగ్గా మధ్యకు మడిచి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"ఇలా రండి. మీకు కళ్ళు బాగానే ఉన్నాయిగా, చూడండి."

ఒక కంటి రక్తనాళాలు రెండో కంటి వాటి మీద అచ్చంగా కూర్చున్నాయి. వంకర మీద వంకర, చీలిక మీద చీలిక.

"ఎవరికైనా రెండు కళ్ళూ ఇలా కలుస్తాయా?"

"కలవవు మేడమ్," అంది టెక్నీషియన్. "ఎవరికీ కలవవు."

"బాగున్న ఎడమ కన్నునే తిరగేసి కుడి కన్నని అంటించారు. రక్తాన్ని అలా తిరగెయ్యలేరు కదా, అందుకే ట్యూబు ఎత్తేశారు. సిగ్గులేదూ?"

డాక్టర్ ముఖం జేవురించింది.

"మందు పనిచెయ్యలేదని తేలితే నా ఏళ్ళ శ్రమంతా బూడిదలో పోసినట్టేగా!"

"ఆవిడ చూపు పోయినా ఫర్వాలేదా?"

"ట్యూబు సింకులో పారబోశాను. ఇక ఆ జబ్బు పెరిగిందని దేనితో రుజువు చేస్తారు?"

దర్జీ ఆవిడ గోడ తడుముకుంటూ లోపలికి వచ్చింది. టెక్నీషియన్ ఎదుట తన చెయ్యి చాపింది.

"రక్తం తియ్యమ్మా. ఆయన పారబోసింది ఒక్క ట్యూబే. మిగతాదంతా నా ఒంట్లోనే ఉంది."