మందుల కవరు మీద రెండు లెక్కలు

సాయంత్రం నాలుగైంది. పొద్దున తొమ్మిదింటి నుంచి మందుల షాపు కౌంటరు వెనక నిలబడే ఉన్న ఫార్మసిస్టుకు ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. బయట వాన. గొడుగు లేనివాళ్లంతా షాపు చూరు కిందికి చేరి, ఊరికే నిలబడితే బాగుండదని తలా ఒక దగ్గు బిళ్ల కొంటున్నారు.

ఆ గుంపును తప్పించుకుంటూ హోల్‌సేల్ వాళ్ల డెలివరీ అతను రెండు పెట్టెలు మోసుకొచ్చాడు. పెట్టెలు పొడిగా ఉన్నాయి, మనిషే నిలువునా తడిసిపోయాడు. రెయిన్‌కోటు పెట్టెలకు తొడిగాడు మరి. అతనికి ఆమె మనసులో పెట్టుకున్న పేరు డబ్బాల బాబు.

"ఇన్సులిన్ ఒకటి తక్కువుంది," అందామె లెక్కపెట్టి.

"ఇంకోసారి చూడండి మేడమ్."

"నాకు లెక్క రాదంటారా?"

"అంత మాట అంటానా? మీ మోచేతి పక్కనుంది."

నిజంగానే ఉంది. నవ్వు కనపడకుండా తల దించుకుని బిల్లు మీద సంతకం పెట్టింది.

ఎనిమిది నెలలుగా రోజూ ఇదే తంతు. ఈ పది నిమిషాల కీచులాట కోసమే తను పొద్దుటి నుంచి గడియారం చూస్తుందని ఆమెకు తెలుసు. ఆ సంగతి పైకి అనే ఓపికే లేదు.

ఈరోజు అతను వెంటనే కదల్లేదు.

"నాకు ఫార్మసీ డిగ్రీలో సీటొచ్చింది మేడమ్. రేపు పన్నెండులోగా ఫీజు కట్టాలి. బ్యాంకు వాళ్లు లోనిస్తామన్నారు. చేరమంటారా?"

"ఇప్పుడెందుకు పుట్టింది ఈ బుద్ధి?"

"ఐదేళ్లుగా డబ్బాలు మోస్తున్నా. పేర్లన్నీ నోటికొచ్చు. మనిషి లోపలికెళ్లి అవేం చేస్తాయో మాత్రం తెలీదు. తెలుసుకోవాలనుంది."

పద్దెనిమిదేళ్లప్పుడు ఆమె కూడా అచ్చం ఇలాగే మాట్లాడింది. ఎదురుగా కూర్చోబెట్టి లెక్క చెప్పినవాళ్లు లేరు. అందుకే ఒక ఖాళీ మందుల కవరు లాగి, పెన్ను తీసింది.

"మీ జీతమెంత?"

"పదిహేడు వేలు. అప్పు లేదు."

"నాది ఇరవయ్యారు. అందులో పన్నెండు ఒకటో తారీఖునే లోను వాయిదాకి పోతుంది. మిగిలేది పద్నాలుగు. తెల్లకోటేసుకున్న నాకంటే మీ చేతిలోనే మూడు వేలు ఎక్కువాడుతున్నాయి. ఇలా ఎనిమిదేళ్లు కట్టాలి. నావి నాలుగయ్యాయి. చదివే నాలుగేళ్లూ మీకు ఆ పదిహేడు కూడా ఉండదు."

"అయితే వద్దంటారా?"

"లెక్క వద్దంటోంది."

"మీరేమంటారు?"

ఇంతలో ఎవరో మందుల చీటీ అందించారు. మందులిచ్చి ఆమె తల తిప్పేసరికి అతను గుమ్మం దగ్గరున్నాడు.

"మోసేవాడు మోసుకోవడమే మంచిదంటారు. అర్థమైంది మేడమ్," అనేసి వానలోకి వెళ్లిపోయాడు.

అలా అనలేదని అరవాలనిపించింది. అప్పటికే అతను వీధి మలుపు తిరిగాడు. అదే కవరు వెనక్కి తిప్పి ఇంకో లెక్క వేసింది. అది ఒకరికి చూపించే లెక్క కాదు. అంతలో రిటైరైన లెక్కల మాస్టారు బీపీ మాత్రల కోసం వచ్చారు. చేతికందిన కవర్లో మాత్రలు వేసి ఇచ్చేసింది. అది ఏ కవరో చూసుకునే స్థితిలో లేదు.

మర్నాడు పదకొండింటికే డబ్బాల బాబు ఏదో అర్జంటు ఆర్డరు పట్టుకుని వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"బ్యాంకుకు వెళ్లలేదా?"

"లేదు. మీ లెక్క కరెక్టే."

ఆమె ప్రాణం ఉసూరుమంది. ఏదో చెప్పబోయేలోగా మాస్టారు కవరు ఊపుకుంటూ లోపలికొచ్చారు.

"ఏమ్మా, ఈ మాత్రలు ఎనిమిదేళ్లు మింగాలా? కవరు మీద అలాగే ఉంది!"

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. "మాస్టారూ, అదిలా ఇవ్వండి..."

"ఆగు. ముందు వైపు లెక్క బాగానే ఉంది. తప్పంతా వెనక వైపు చేశావు." ఆయన కళ్లద్దాలు సర్దుకుని, తరగతి మొత్తానికీ వినిపించే గొంతుతో చదివారు. "'నా లోను ఇంకా నాలుగేళ్లు. డబ్బాల బాబు చదువూ నాలుగేళ్లే. నాది తీరాకే అతనిది మొదలు. అప్పుడు నాకు ఇరవయ్యారు, అతని చేతికి పద్నాలుగు. ఇద్దరికీ కలిపి నలభై. ఒక ఇంటికి సరిపోతుంది.' బాగుంది. కానీ నాలుగేళ్లలో నీ జీతం ఒక్క వెయ్యి కూడా పెరగదా? అది కలపలేదేం? ఇంతకీ ఎవరమ్మా ఈ డబ్బాల బాబు?"

ఆమె కవరు లాక్కోబోయింది. మాస్టారు ఇవ్వలేదు.

"నేనేనండీ," అన్నాడు పెట్టె పట్టుకున్నతను.

ఆమె మొహం కందగడ్డయింది. అతను పెట్టె కింద పెట్టాడు.

"మేడమ్, లోను తీసుకుంటే మిమ్మల్ని పెళ్లి మాట అడిగే మొహం నాకుండదనుకున్నా. ఒక ఇంట్లో రెండు అప్పులా అని. సీటు వదిలేస్తే అడగొచ్చు కదా అని..."

"అందుకని చదువొదిలేస్తావా? బుద్ధుందా?"

"మీరే కదా వద్దన్నారు!"

"లెక్క వద్దంది. నేనొద్దన్నానా? నువ్వు డబ్బాలు మోయకూడదనీ అనలేదు, చదవలేవనీ అనలేదు. నేను పడ్డ కష్టం నువ్వు పడకూడదనుకున్నానంతే." ఆమె తల దించుకుంది. "ఇష్టం కాబట్టి అనుకున్నాను."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "పదకొండుంబావు. బ్యాంకు నాలుగు వీధులవతల."

"వెళ్లు," అందామె. "ఈ పెట్టె నేను సర్దుకుంటాను."

అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "నాలుగేళ్లు ఆగుతారా?"

"ఎక్కడికి పోతాను? వాయిదాలు తీరేదాకా ఇక్కడే నిలబడి ఉంటాగా."

"తర్వాత నేనూ వచ్చి మీ పక్కనే నిలబడతా," అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, ఇంకోసారి వెళ్లమని చెయ్యూపింది. అతను పరుగెత్తాడు.