కదలని చుక్క

వాషింగ్ మెషీన్ సగంలో ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగించుకుని, అలిగిన అల్లుడిలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. టెస్టరమ్మ కిందికి వంగి ఫిల్టరు మూత తిప్పింది. బురదనీళ్ళతో పాటు గులకరాళ్ళు, ఒక నత్తగుల్ల, చీకిపోయిన తాడుముక్క బయటికొచ్చి ఆమె పాదాల మీద పడ్డాయి.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఆమె ఉద్యోగం. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ విరుగుతుందో జనం చేతికి వెళ్ళకముందే వెతికి పట్టుకోవాలి. ఇంట్లోనూ అదే పని జీతం లేకుండా చేస్తుందని అత్తగారు పెట్టిన పేరు టెస్టరమ్మ.

"గువ్వా! ఇటు రా ఒకసారి!"

పద్నాలుగేళ్ళ గువ్వ నోట్లో బ్రెడ్డుముక్కతో, ఒక కాలికే సాక్సుతో వచ్చింది.

"జేబులు చూసుకుని వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"చూశానమ్మా."

"చూస్తే ఇవేంటి?"

"అబ్బ, ఇది ఇక్కడుందా! దీనికోసం ఎంత వెతికానో!" అంటూ గువ్వ నత్తగుల్లని తీసి తుడిచి జేబులో వేసుకుంది.

"మళ్ళీ జేబులోనేనా!"

"పోనీలేవే అమ్మాయ్," భోజనాల బల్ల దగ్గర్నుంచి అత్తగారు అందుకుంది. "మీ ఆయన కప్పనే తెచ్చాడు ఆ వయసులో. అప్పుడు ఇంట్లో మెషీన్ లేదు, నేనే మెషీన్ని. నేను ఆగిపోయానా?"

"మీరు వెనకేసుకురాకండి అత్తయ్యా. ఏమే, నిన్నేం చేశారు అక్కడ?"

"ఏం లేదు."

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చావ్. ఏం లేదంటే ఎలా? ఏం నేర్చుకున్నావ్?"

గువ్వ భుజాలెగరేసింది. రెండో సాక్సు దొరికింది, బూట్లు దొరికాయి, జాకెట్టు జిప్పు పైకి వెళ్ళింది. తలుపు ధడాలున మూసుకుంది. గుమ్మం నుంచి వంటగది దాకా ఎండిన మట్టి అచ్చులు మిగిలాయి.

గువ్వ చదివేది బయటి బడిలో. ఆఖరి బస్‌స్టాపు దాటాక చెట్లు మొదలయ్యేచోట ఒక పెద్ద గుడారం, పక్కన వాగు. అంతే బడి. గోడల్లేవు, గంట లేదు. పై తరగతుల పిల్లలు అక్కడ చెట్ల నీడలు కొలిచి లెక్కలు చేస్తారు, వాగునీళ్ళు తెచ్చి సైన్సు చదువుతారు, చిరిగిన బట్టలు వాళ్ళే కుట్టుకుంటారు, వానొస్తే గుడారంలో కూర్చుని రాసుకుంటారు. మార్కులు మాత్రం ఉండవు. రోజంతా అంకెలు చూసే టెస్టరమ్మకి అది గొంతులో ముల్లులా ఉండేది.

చేర్చినప్పుడు ఏడాదికే ఒప్పుకుంది. ఆ ఏడాది అయిపోవచ్చింది. పాత స్కూలు వాళ్ళు గువ్వ సీటు అట్టే పెట్టారు. ఈ సాయంత్రంలోగా వస్తారో రారో చెప్పమని ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశారు.

ఇంటి నుంచే ఉద్యోగం చేసే టెస్టరమ్మ పడకగది మూలనున్న తన బల్ల దగ్గర కూర్చుంది. కంప్యూటర్ తెరిచింది. తర్వాత రోజూ చేసే దొంగపనే చేసింది. ఫోన్లో మ్యాపు తెరిచింది.

మ్యాపులో నీలం చుక్క. ఆ చుక్క గువ్వ. మొదటిరోజే జాకెట్టు లోపలి గుడ్డలో ఒక చిన్న ట్రాకర్ బిళ్ళ పెట్టి, వచ్చీరాని కుట్లతో కుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. అడవి కదా, ఆడపిల్ల కదా అని తనకి తాను చెప్పుకుంది. మొదట్లో ఆ చుక్క వాగు వెంట, గుట్ట మీద, ఎక్కడపడితే అక్కడ తిరిగేది. చూస్తే కాస్త నవ్వొచ్చేది కూడా.

కొన్ని వారాలుగా చుక్క కదలడం లేదు. పొద్దున ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. మళ్ళీ ఇంటికొచ్చే వేళకే లేస్తుంది.

ఎందుకు? శిక్షా? ఎవరూ కలుపుకోవట్లేదా? పాత స్కూల్లోలాగా ఇక్కడా నోరు తెరవకుండా మూల కూర్చుంటోందా? అడుగుదామంటే, నీకెలా తెలుసంటుంది. అడక్కపోతే మనసు ఊరుకోదు. తను తవ్వుకున్న గోతిలో తనే కూర్చుని పైకి చూస్తున్నట్టుంది ఆమె పరిస్థితి.

రైలు డ్రైవరైన మొగుడు డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుతుండగానే మొదలుపెట్టింది టెస్టరమ్మ.

"సాయంత్రం స్కూలు వాళ్ళకి సరేనని చెప్పేస్తున్నా."

"ముందు కాఫీ తాగనీ."

"తాగు. తాగుతూ విను. ఏడాది చూశాం. ఏమొచ్చింది దానికి? ఇంట్లోకి మట్టొచ్చింది."

"దాన్ని అడిగావా?"

"అడిగితే ‘ఏం లేదు’ అంటోంది. నువ్వు చెప్పు, ఏం నేర్చుకుంది?"

"నాకేం తెలుసు? బాగుంది కదా అది."

"బాగుండటం ఏంటి? బాగుండటానికి పంపిస్తామా?"

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "అక్కడికి ఎప్పుడైనా వెళ్ళి చూశావా నువ్వు?"

"నాకు పనుంటుంది."

"ఆ పని ఈ కుర్చీలోనేగా," అన్నాడు మెల్లగా. అని నాలిక కరుచుకున్నాడు.

టెస్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. సెలవు పెట్టలేదు, చెప్పులు మార్చలేదు. మీటింగులకి వేసుకునే పల్చటి శాండిల్సుతోనే ఆఖరి బస్‌స్టాపులో దిగింది. దారి పొడుగునా చేతిలో ఫోన్, ఫోన్లో కదలని చుక్క.

గుడారం దగ్గర టీచరు ఉంది. యాభై ఏళ్ళు దాటిన ఆవిడ, పిల్లలకి గుడారం టీచరు. అప్పుడే కెటిల్ దించుతూ చేయి కాల్చుకుని, నీళ్ళ బకెట్లో ముంచుకుని నిలబడింది.

"మా అమ్మాయిని రోజంతా ఒకే చెట్టుకింద కూర్చోబెడుతున్నారా మీరు?"

"అలా ఎందుకనిపించింది మీకు?"

"అనిపించడం కాదండీ. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"ప్రశ్న అడిగితే ఎదురు ప్రశ్న వేస్తారేంటి? నేను మీ స్టూడెంటుని కాదు!"

టీచరు మొహం ఎర్రబడింది. "చూడండి, నా చెయ్యి కాలింది, అవతల పిల్లలు వాగులో ఉన్నారు. మీ అమ్మాయి కూడా పొద్దున్నుంచీ అక్కడే. నన్ను కాస్త వదిలితే నేనూ అక్కడికే వెళ్తా."

టెస్టరమ్మ ఫోన్ వంక చూసింది. వాగు కుడివైపు. చుక్క ఎడమవైపు. మనిషి మాట కంటే చుక్క మీద నమ్మకం ఎక్కువ ఆమెకి.

"అక్కడ లేదు," అంటూ ఎడమవైపు నడిచింది.

ముళ్ళు చీర కొంగు పట్టుకున్నాయి. ఒక శాండిల్ పట్టీ తెగింది. చుక్క ఉన్నచోటికి చేరేసరికి అక్కడ చెట్టుంది, గువ్వ లేదు. చుట్టూ తిరిగింది. పిలిచింది. చివరికి ఫోన్లో ‘మోగించు’ అన్న బటన్ నొక్కింది.

తల మీద కొమ్మ కీచుకీచుమంది.

కొమ్మకి ఒక చిన్న సంచీ వేలాడుతోంది. గువ్వ పాత సాక్సు కత్తిరించి కుట్టింది. కుట్లు వరసగా, దగ్గరగా, ముచ్చటగా ఉన్నాయి. పైన ముడేసే తాడు కూడా ఉంది. లోపల బిళ్ళ.

తల కొట్టేసినట్టయింది టెస్టరమ్మకి. ఇన్ని వారాలుగా తను కన్నార్పకుండా కాపలా కాసింది ఒక సాక్సుముక్కకి.

అప్పుడు వినబడింది వాగువైపు నుంచి ఒక గొంతు. చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.

"అలా కాదురా బాబూ! తాడు ముందు బిగించు! బిగించావా? బిగించానని చెప్పడం కాదు, లాగి చూశావా?"

ఎవరో గయ్యాళి పిల్ల, ఇంట్లో వాళ్ళు ఎలా భరిస్తారో అనుకుంది. నాలుగడుగులు వేశాక కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఆ మాటలు తనవి. రోజూ పడకగది మూల నుంచి కంపెనీలో కుర్రాళ్ళని తను తిట్టే తిట్లు. అరుస్తున్నది గువ్వ. పాత స్కూల్లో హాజరుకి కూడా నోరు పెగలని గువ్వ.

వాగు మీద పిల్లలు కట్టెలతో, తాళ్ళతో నడక వంతెన కట్టారు. గువ్వ దాని మధ్య నిలబడి ఉంది.

"చిన్నపిల్లలు రేపు దీని మీద నడుస్తారు," అని అవతలి గట్టు వాళ్ళతో అంటోంది. "అందుకే ఇవాళ మనం విరగ్గొట్టాలి. విరక్కపోతేనే బాగున్నట్టు."

అని ఎగిరి దూకింది. ఇంకోసారి దూకింది. మూడోసారి కట్టె ఫెళ్ళుమంది. గువ్వ నీళ్ళలో పడింది.

టెస్టరమ్మ ఎలా పరిగెత్తిందో తెలియదు, కేక పెట్టి వాగులోకి దిగిపోయింది. తీరా దిగితే నీళ్ళు నడుము దాకా కూడా లేవు. గువ్వ మధ్యలో నిలబడి, తడిసిన జుట్టు మొహం మీంచి తోసుకుంటూ పగలబడి నవ్వుతోంది. "చూశారా! ఎడమవైపు కట్టెలో ఉంది తప్పు!"

అప్పుడు తల్లిని చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అమ్మా? నువ్వేంటి ఇక్కడ?" తర్వాత తల్లి చేతిలోని సాక్సు సంచీ చూసింది. "ఓహో. మోగించావా?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"జాకెట్టు లోపల చిరిగితే కుడదామని విప్పా. దొరికింది. నీ కుట్లు ఎలాగూ ఊడిపోతున్నాయి."

"దొరికితే నన్నడగొచ్చుగా! చెట్టుకి కడతావా?"

"నువ్వడిగావా నన్ను, పెట్టేముందు?" అంది గువ్వ. "పారేద్దామనుకున్నా. వాగులో పారేస్తే నువ్వు పోలీసుల్ని పిలుస్తావ్. ఇంట్లో వదిలేసినా భయపడతావ్. అందుకే రోజూ తెచ్చి, కట్టి, మళ్ళీ ఇంటికి తెస్తున్నా. నీకోసమే మోస్తున్నా. కానీ నాతో తిప్పుకోను. నావల్ల కాదు."

గట్టు మీద పిల్లలు వేరే పనేదో ఉన్నట్టు తాళ్ళు చుట్టడం మొదలుపెట్టారు. టీచరు కాలిన చెయ్యి ఊదుకుంటూ వచ్చి, తనూ ఒక తాడు అందుకుంది.

"నువ్వేం చెప్పవు కదే," అంది టెస్టరమ్మ. "రోజూ అడుగుతూనే ఉన్నా."

"ఏం నేర్చుకున్నావ్ అని అడుగుతావ్. దానికేం చెప్పాలి? వంతెన సగం అయింది, రెండుసార్లు పడిపోయింది, ఒకడితో గొడవైంది, మళ్ళీ కలిసిపోయాం. ఇది నేర్చుకోవడమేనా, నాకు తెలీదు." ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "వాంతులు తగ్గాయా అని ఒక్కసారైనా అడిగావా?"

టెస్టరమ్మకి ఆ వాంతుల రోజులు గుర్తొచ్చాయి.

పాత స్కూలుకి వెళ్ళే రోజుల్లో పొద్దున్నే బాత్‌రూమ్‌లోంచి వినబడే ఆ చప్పుడు. డాక్టర్లకి ఏమీ దొరకలేదు. తలుపు బయట తువ్వాలు పట్టుకుని తను నిలబడేది. ఆ చప్పుడు ఎప్పుడు ఆగింది? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ప్రపంచంలో ఎవరి ప్రోగ్రాంలో తప్పు దొరికినా తేదీ, టైముతో సహా రాసిపెట్టే మనిషి. తన ఇంట్లో అంత పెద్ద తప్పు సరైపోతే గమనించనే లేదు. మట్టి అచ్చుల్ని మాత్రం గమనించింది.

"తగ్గాయా?" అంది. కళ్ళు మసకబారాయి.

"ఎప్పుడో తగ్గాయమ్మా," అంది గువ్వ. కాసేపు తల్లిని కిందికీ మీదికీ చూసి, "శాండిల్సేసుకుని ఎవరైనా వాగులో దిగుతారా?" అంది.

"నువ్వు మునిగిపోతున్నావనుకున్నా."

"నడుం లోతు కూడా లేదు!"

"నాకేం తెలుసే!" అని టెస్టరమ్మ గట్టిగా ఏడ్చేసింది. గువ్వ వచ్చి తడి జాకెట్టుతోనే వాటేసుకుంది. అప్పటికి ఒక్క దారం కూడా పొడిగా మిగల్లేదు ఇద్దరికీ.

స్కూలు వాళ్ళ ఫోన్ తిరుగు బస్సులో ఉండగా వచ్చింది. "సీటు ఎవరికైనా ఇచ్చేయండి," అంది టెస్టరమ్మ. వాళ్ళు ఇంకేదో చెప్పబోతే, "లేదండీ, ఆలోచించే చెబుతున్నా," అని పెట్టేసింది. పక్కన గువ్వ కిటికీలోంచి బయటికే చూస్తోంది. కానీ చెయ్యి మాత్రం తల్లి చేతిలోకి దూర్చింది.

ఇంట్లో వాళ్ళిద్దర్నీ ఆ అవతారంలో చూసి అత్తగారు నోరు నొక్కుకుంది. "ఇప్పుడు మెషీన్లో బట్టలెయ్యాలా, మిమ్మల్నెయ్యాలా?"

మర్నాడు పొద్దున టెస్టరమ్మ జాకెట్టు తీసి, మిగిలిన తన పాత కుట్లన్నీ విప్పేసింది. బిళ్ళ తన బల్ల మీద పెట్టుకుంది. గువ్వ వెళ్ళింది. మ్యాపు తెరవాలని చేతులు లాగాయి. చెప్పొద్దూ, రెండుసార్లు తెరిచింది కూడా. చూడటానికి ఏమీ లేదని గుర్తొచ్చి మూసేసింది. ఆ రోజు పని నరకంలా నడిచింది. మీటింగు మీద మీటింగు, కాఫీ మీద కాఫీ.

సాయంత్రం గువ్వ వచ్చి, బూట్లు గుమ్మం బయటే విప్పింది. అడక్కుండానే మొదలుపెట్టింది: ఎడమవైపు కట్టె మార్చారు, చిన్నపిల్లలు దాటారు, ఒకడు మధ్యలో ఆగి ఏడిస్తే తనే చెయ్యి పట్టుకుని దాటించింది. మాటల మధ్యలో బల్ల మీది తల్లి ఫోన్ తీసుకుని మ్యాపు తెరిచింది. పొద్దున్నుంచి ఆ బిళ్ళ ఎక్కడెక్కడ తిరిగిందో చూసింది.

ఒకే ఒక్క నీలం చుక్క. పడకగది మూలన.

గువ్వ ఫోన్ తల్లి వైపు తిప్పింది. మొహం సీరియస్‌గా పెట్టి, నిన్న తల్లి గుడారం టీచరుని అడిగినట్టే, "మా అమ్మని రోజంతా ఒకే చోట కూర్చోబెడుతున్నారా?" అని అడిగింది.

టెస్టరమ్మ ఫోన్ లాక్కోబోయింది.

"లే," అంది గువ్వ, తల్లి చెయ్యి పట్టి లాగుతూ. "నాన్న బూట్లేసుకో. వంతెన చూద్దువుగాని."

మీటింగుకి రమ్మని కంప్యూటర్ టింగుమంది. టెస్టరమ్మ దాని మూత దించి, లేచింది.