ముందు చలానా కొట్టండి

ఎదురుగా వచ్చే బండికి హెడ్‌లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పితే, ముందు పోలీసులున్నారని అర్థం. ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ నేర్పని ఈ భాష బండి నడిపే ప్రతివాడికీ వచ్చు. తోడబుట్టినవాడు ఎదురైతే తల తిప్పుకునే మనుషులు కూడా, ముక్కూ మొహం తెలియనివాడికి ఈ ఒక్క ఉపకారం మానకుండా చేస్తారు.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే కుర్రాడు ఈ విషయంలో అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. తయారైన కళ్లజోళ్లను ఇళ్లకు తీసుకెళ్లి, ముక్కు మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి రావడం అతని పని. హెల్మెట్ పెడితే క్రాఫు చెడుతుందని పెట్టడు. అద్దాలుంటే బండి అందం చెడుతుందని పీకేశాడు. ఊరందరి చూపూ సరిచేసేవాడు తన వెనక ఏం వస్తోందో మాత్రం చూడడు. పోలీసులుండని సందులన్నీ కంఠస్థం కాబట్టి స్నేహితులు సందుల చక్రవర్తి అని పిలిచేవారు.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. సిగ్నల్ దగ్గర తనిఖీని దూరం నుంచే పసిగట్టి వెనక్కి తిరిగిన చక్రవర్తికి, స్కూటరు మీద రెయిన్‌కోటులో ఒక అమ్మాయి ఎదురైంది. హెల్మెట్ లోపల కళ్లజోడు, దాని మీద చినుకులు, దాని వెనక పెద్ద కళ్లు. అతను లైటు రెండుసార్లు కొట్టాడు. ఆమెకు అర్థం కాలేదు. ఆగింది.

"అటు వెళ్లకండి. పట్టుకుంటున్నారు."

"ఎవరు?"

"ఇంకెవరండీ, మామయ్యలు."

"నా దగ్గర కాగితాలన్నీ ఉన్నాయే."

"అన్నీ ఉంటే వాళ్లకి ఇంకా ఒళ్లుమంట. వెతికి వెతికి ఏదో ఒకటి పట్టుకుంటారు. నా వెనకే రండి."

టైలరు షాపు వెనక నుంచి, బడి గోడ పక్క నుంచి, ఎవరివో ఆరేసిన దుప్పట్ల కింద తల వంచుకుని, ఇద్దరూ వెళ్లారు.

"ఇది వన్‌వే కదండీ?"

"మనం ఎటు వెళ్తే అటే వన్‌వే."

"ఇలాంటి సందులు ఇంకా ఉన్నాయా?"

అంత చక్కటి గొంతు అడిగితే ఏ చక్రవర్తి మాత్రం రాజ్యం దాచుకుంటాడు? ఏ సందు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో పూస గుచ్చినట్టు చెప్పాడు. చివరి సందు సరిగ్గా సిగ్నల్ వెనక, పోలీసు గొడుగు పక్కన తేలింది. ఆమె స్కూటరు దిగి రెయిన్‌కోటు విప్పింది. లోపల యూనిఫాం, మెడలో విజిల్.

"చాలా థాంక్సండీ. కొత్తగా వేశారిక్కడ. మొదటిరోజే డ్యూటీకి లేటవుతుందని భయపడ్డాను. ఏదీ, లైసెన్సు ఇవ్వండి."

అతను తేరుకుని అందరూ చేసే పనే చేశాడు.

"మేడమ్, మిమ్మల్ని చూస్తే పోలీసులా లేరండి. సినిమాల్లోకి ఎందుకు వెళ్లలేదు?"

ఆమె చలానా మెషిన్ నొక్కుతూనే ఉంది. "ఏ సిగ్నల్ దగ్గర వేసినా నాకంటే అందగత్తె లేదండి. డ్యూటీ దిగి బజారుకు వెళ్తే ఒక్కరూ తలెత్తి చూడరు. చలానా కొట్టకముందు దేవతని. కొట్టాక నా మొహం చూస్తే అన్నం దిగదంటారు. ఏ పొగడ్త నిజమో తెలుసుకునే యోగం నాకు లేదు. ఇదిగోండి స్లిప్పు."

మర్నాటి నుంచి ప్రతి సందు చివరా ఒక పోలీసు నిలబడ్డాడు. రహస్యం అమ్ముకున్న ద్రోహి ఎవడని ఊళ్లో బండ్లవాళ్లంతా తిట్టిపోశారు. అందరికంటే గట్టిగా తిట్టినవాడు చక్రవర్తే.

అయితే ఏ పొగడ్త నిజమో తెలియదన్న ఆమె మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. హెల్మెట్ కొన్నాడు. అద్దాలు బిగించాడు. గీత ఇవతలే ఆగాడు. దాంతో పెద్ద చిక్కు వచ్చిపడింది. తప్పు చెయ్యనివాణ్ని పోలీసులు ఎందుకు ఆపుతారు? పక్కన దొంగచాటుగా దూరేవాళ్లందరితోనూ ఆమె మాట్లాడేది, ఒక్క అతనితో తప్ప.

"రెడ్‌లో దూకెయ్. తనే పిలుస్తుంది," అన్నాడు మెకానిక్ స్నేహితుడు.

"అప్పుడు నేనేం చెప్పినా చలానా తప్పించుకోవడానికే అనుకుంటుందిరా."

ఒకరోజు ధైర్యం చేసి ఎర్రలైటు దగ్గరే పలకరించాడు. "మేడమ్, ఇవాళ మీరు..."

"రేపు ఏ తప్పు చెయ్యబోతున్నారు? పొగడ్త అడ్వాన్సా?"

పచ్చలైటు పడింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, వచ్చేవారం ఆమెను ఊరి అవతలి చివరకు మారుస్తున్నారని గొడుగు కింద హెడ్ కానిస్టేబుల్ ఎవరితోనో అంటుంటే విన్నాడు. అటువైపు కళ్లజోళ్లు కొనేవాళ్లు కూడా ఎవరూ లేరు.

ఆ ఆదివారమే వాళ్లమ్మను పెళ్లికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆవిడ పార్లరులో జుట్టు గోపురంలా కట్టించుకుంది. అతను తన హెల్మెట్ తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పొద్దుటి నుంచి కూర్చుని కట్టించుకున్నాను. దీని మీద బోర్లిస్తావా?"

సిగ్నల్ దగ్గర విజిల్ మోగింది.

"మా తల్లే, ఎంత కళగా ఉన్నావమ్మా," అంది వాళ్లమ్మ, బండి ఆగకముందే. "మా ఇంటి పిల్లలా ఉన్నావు. ఈ ఒక్కసారికీ వదిలెయ్యి తల్లీ."

ఆమె నవ్వు ఆపుకుంది. "పెద్దవారు. సరే, ఈసారికి వెళ్లండి."

"వద్దండీ," అన్నాడతను. "ముందు చలానా కొట్టండి."

"నీకేమైనా మతి పోయిందా?" అంది తల్లి.

"నువ్వుండమ్మా. మేడమ్, వదిలేస్తే నా మాటకి విలువుండదు. కొట్టండి."

ఆమె అతని వైపు ఒక క్షణం చూసి, మెషిన్ నొక్కింది. స్లిప్పు చేతికి రాగానే తల్లి మొహంలో కళ మారింది. "ఎంత మొండి పిల్ల. పెద్దా చిన్నా లేదు. ఏ అత్త భరిస్తుందో."

అతను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. క్రాఫు అణిగిపోయి ఉంది. పట్టించుకోలేదు.

"ఇక మీ దగ్గర నాకు కావాల్సిన పనేం లేదండి. కాబట్టి చెప్తున్నాను. కళ్లజోళ్లు సరిచేసేవాణ్ని కాబట్టి కనిపెట్టాను, మీ కళ్లజోడు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. విజిల్ వేసినప్పుడల్లా జారితే భుజంతో పైకి తోసుకుంటారు. బడిపిల్లల్ని దాటించేటప్పుడు బస్సుల్ని ఎంత కసురుకుంటారో, వాళ్లతో అంత మెల్లగా మాట్లాడతారు. మీరు మారిపోతే ఈ రోడ్డు మీద నాకు పని లేదు. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది. వద్దంటే లైటు పడగానే వెళ్లిపోతాను."

లైటు పడింది. ఎవరూ కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.

ఆమె కళ్లజోడు తీసి, ఎత్తి పట్టుకుని చూసింది. నిజంగానే ఒరిగి ఉంది.

"ఆంటీ," అంది నెమ్మదిగా, "మీరు చలానాకి ముందన్నది నిజమా, తర్వాతన్నదా?"

తల్లి కొడుకునీ, ఆ పిల్లనీ మార్చి మార్చి చూసింది. "రెండూ నిజమే. కళా ఉంది, మొండితనమూ ఉంది. హెల్మెట్ పెట్టుకోరా అని నేనెన్నేళ్లు మొత్తుకున్నా వినని వెధవ ఎవరి మాట మీద పెట్టాడో ఇప్పుడు తెలిసింది. నాకు ఆ మొండితనమే కావాలి."

"అయితే బండి ఇలా కదలడానికి వీల్లేదు."

ఆమె వెళ్లి తన స్కూటరు మీది హెల్మెట్ తెచ్చింది. గోపురం మీద మెత్తగా దించి, గడ్డం కింద బకిల్ పెట్టింది. ఆవిడ చిత్రంగా ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు.

"మరి మీరు ఇంటికి ఎలా వెళ్తారు?" అన్నాడతను.

"హెల్మెట్ వచ్చేదాకా వెళ్లను. డ్యూటీ సాయంత్రం దిగుతాను. మీ పనిముట్లు కూడా తెచ్చుకోండి, ఈ కళ్లజోడు సంగతి చూద్దురుగాని."

"అలాగేనండి. మరి, నేనడిగినదానికి జవాబు..."

హెల్మెట్ లోపలి నుంచి తల్లి గొంతు గూట్లోంచి వచ్చినట్టు వచ్చింది. "చెప్పేసిందిగా. ఇంక పోనివ్వరా, అవతల పెళ్లివాళ్లు ఎదురుచూస్తుంటారు."