బఠాణీ కాలి పట్టీ

2079 నాటికి విశాఖపట్నంలో ఏ కుక్కా తన నొప్పిని దాచుకునే వీల్లేదు. నొప్పిమాపకం అనే సన్నని పట్టీ చర్మానికి తగిలితే చాలు, నాడీ సంకేతాలను చదివి సున్నా నుంచి పదిలోపు ఒక అంకెను పైకి చెప్పేస్తుంది. మనుషుల కోసం దాన్ని తయారు చేయలేదు. మనుషులు నోరు తెరిచి చెప్పుకోగలరు కదా అనుకున్నారు పాపం.

అయినా బఠాణీ సంగతి, ఆపరేషనైన కుక్కలకు మళ్ళీ నడక నేర్పే డాక్టర్ ప్రమీలకు కొరుకుడు పడలేదు. మూడు కిలోల కుక్క. బండి కింద పడితే వెనక కాలి లిగమెంట్ కుట్టారు. మూడు నెలలుగా నీటి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తున్నారు. కండ పట్టింది, స్కాన్ బాగుంది, పట్టీ సున్నా అంటోంది. నేల మీద మాత్రం కుంటుతూనే ఉంది. లోపల ఏదో పట్టేసిందని సర్జన్ అనుమానం. రేపు మళ్ళీ కోస్తానన్నాడు. అంత చిన్న ప్రాణం రెండోసారి మత్తును తట్టుకుంటుందా అని ప్రమీలకు బెంగగా ఉంది.

క్లినిక్ బల్లకు ఆ చివర కుక్క యజమాని సింహాచలం, ఈ చివర అతని భార్య నూకరత్నం. మధ్యలో బఠాణీ.

"బఠాణీ, మీ నాన్నకి సెప్పు, ఆపరేషన్ ఫారం మీద సంతకం ఎట్టమని," అంది నూకరత్నం.

బఠాణీ కిందికి దూకి, వెనక కాలు నేలకు ఆనించకుండా కుంటింది. ఇద్దరూ "అయ్యో" అంటూ ఒక్కసారే వంగారు. తలలు దగ్గరయ్యాయి. బఠాణీ తోక ఊగింది.

"సున్నా," అంది పట్టీ.

ప్రమీలకు అప్పుడు వెలిగింది. "మీరిద్దరూ మాట్లాడుకోక ఎన్నాళ్ళయింది?"

"ఇది బండి కింద పడ్డకాడ్నుంచీ," అంది నూకరత్నం. "గేటు నేనే తీసి ఒగ్గేసినానంటాడు."

"దీనికి నొప్పి లేదమ్మా. మీరు దగ్గరకొచ్చేది ఇది కుంటినప్పుడే, అందుకే కుంటుతోంది. సింహాచలం గారూ, ఆ పట్టీ విప్పేయండి."

అతను విప్పి అరచేతిలోకి తీసుకున్నాడు.

"తొమ్మిది," అంది పట్టీ.

సింహాచలం భార్య వైపు తిరిగాడు. "రత్నం, గేటు తీసింది నేనేనే. ఒప్పుకుంటే నా మొహం సూడవని బయపడ్డాను."

"ఐదు."

చేయని తప్పును మూడు నెలలు మోసిన మనిషి నూకరత్నం. కళ్ళు తుడుచుకుని, ఈసారి అతని ముఖంలోకే చూసి అంది: "ఇంటికి పద, నీ పని సెప్తాను. ముందు ఆ ఫారం సింపెయ్."

అతను చింపేశాడు. బఠాణీ నాలుగు కాళ్ళ మీదా తలుపు దాకా నడిచి, ఇంకా రారేమిటన్నట్టు వెనక్కి చూసింది.

వెళ్తూ వెళ్తూ సింహాచలం పట్టీని తిరిగి ఇవ్వబోయాడు. ప్రమీల చెయ్యి చాచి, చటుక్కున వెనక్కి తీసుకుంది. గ్లవ్స్ తొడుక్కున్నాకే దాన్ని అందుకుంది.