పిలవని పేరు

కథ చెప్పి చివర నీతి అడగడం బడిలో నా అలవాటు. ఈ కథకి మాత్రం నేనెప్పుడూ నీతి అడగలేదు.

ఎనభై ఆరులో మా బావమరిది పెళ్ళికి ఖరగ్‌పూర్ వెళ్ళాం. వాళ్ళ రైల్వే క్వార్టరు చుట్టాలతో నిండిపోయింది. మా ఆవిడ చిలకమ్మనీ, ముగ్గురు ఆడపిల్లల్నీ స్టేషను వెయిటింగ్ రూములో కూర్చోబెట్టి, లాడ్జి వెతకబోయాను. రైల్లో పరిచయమైన వర్క్‌షాపు మనిషి గణపతిరావు తోడొచ్చాడు. దారంతా అతనికి చిన్న కుటుంబం గురించి పాఠం చెప్పి ఉన్నాను; మావాళ్ళు ఆడవాళ్ళ పెట్టెలో ఉండడంతో నాకు పిల్లలెందరో అతనికి తెలీదు. మా ఊళ్ళో గోడలమీద 'ఇద్దరే చాలు' అన్న రాతలు రాసింది నేనే.

ఇందా అనే పేటలో చూసిన లాడ్జికి మేడమీద పిట్టగోడ లేదు. ఇంకోదానికి స్నానాలగది వీధివైపు. పూరీ గేట్ దగ్గర ఎలీసమ్మ లాడ్జి నచ్చింది. శుభ్రమైన గచ్చు, కిటికీలకు ఊచలు.

"పిల్లలందరి పేర్లూ రాసీండి మేష్టరూ," అని ఆవిడ రిజిస్టరు తోసింది. "ఒక్కటీ ఇడిసిపెట్టకండి. పేరు లేని పిల్ల ఈ ఇంట్లో ఉండకూడదు."

"ఇద్దరే ఉంటారు దీదీ," గణపతిరావు నవ్వాడు. "మనకి పాఠం చెప్పి తను తప్పుతాడేటి?"

నా కలం రెండు పేర్ల దగ్గర ఆగిపోయింది. భవాని. సుజాత.

మా మూడోపిల్ల, నాలుగేళ్ళ తీతుని వాళ్ళమ్మ కొంగుచాటున పైకి తెచ్చాం. "ఇక్కడ ఎవరు పిలిచినా పలక్కూడదు," అని దాని చెవిలో చెప్పాను. తలూపింది.

దీపాలు పెట్టే వేళకి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. గదినిండా తడిసిన సున్నం వాసన. పిల్లలు బెదిరిపోతారని బడిలో లాగే హాజరు పిలిచాను.

"భవానీ."

"ప్రెజెంట్ సార్."

"సుజాతా."

"ప్రెజెంట్ సార్."

అక్కడితో ఆపేశాను. వాన చప్పుడు... మంచం కింద గచ్చుమీద గోళ్ళు గీసిన చప్పుడు...

"నన్ను పిలవ్వా నాన్నా?"

సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పసిదాని పేరు మింగేశాను కదా. "నువ్వు లేకుండానా... రా తల్లీ," అని చెయ్యి చాపాను. చిన్న చెయ్యి అందులోకి వచ్చింది. తడిగా. చల్లగా.

"ఎవుల్తోటి మాటాడతన్నారు?" అవతలి గోడ దగ్గర్నుంచి చిలకమ్మ గుసగుస. "తీతు నా ఒళ్ళో ఉంది. నోరు మూసుకుని కూకుంది... మీరు పలకొద్దన్నారని."

నా చేతిలో వేళ్ళు బిగిశాయి.

కరెంటు వచ్చింది. చేతిలో ఏమీ లేదు. మంచం కిందా లేదు. కిందికి పరిగెత్తి తీతు పేరు రాశాను. ఎలీసమ్మ ఆ పేరు వంక చాలాసేపు చూసింది.

"ఇప్పుడు రాసినారు, సరే. సీకట్లో ఎవుల్నైనా రమ్మన్నారా బాబూ?"

గణపతిరావుకి చెప్పినంత నిబ్బరంగా చెప్పాను. "లేదు."

మా ఊరొచ్చిన పూట అన్నానికి ముగ్గుర్నీ పేరుపేరునా పిలిచాను. ఇద్దరు వచ్చి కూర్చున్నారు. తీతు గుమ్మంలోనే నిలబడింది, పక్కకి చూస్తూ.

"దీన్నీ పిలు నాన్నా. రైలంతా నీ చెయ్యే పట్టుకుని వచ్చింది."

అప్పటికే పిల్లల వరసలో నాలుగో పీట వేసి ఉంది.